తిర్పన్ నుంచి 422 దాకా: "కాదు" అనే మాట ఏ భాషలో చెప్పాలి?

ఈ ఎపిసోడ్ ఒక చీటీతో మొదలుపెడతా.

మూడేళ్ల కిందట దసరాకు ఊరికి పోయిన. మాది దేవరకొండ దగ్గర చిన్న పల్లె. అప్పటికి నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, ఈ వీడియోలు ఇంకా మొదలుపెట్టలేదు. పండగ రోజు మా మేనత్త వచ్చి, కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. "ఏం రాసిందో చూడు బిడ్డా. ఆరుసార్లు తిరిగిన" అన్నది.

ఆమె ఒక చిన్న రుణానికి దరఖాస్తు పెట్టుకుంది. దేవరకొండలో ఒక ఆన్‌లైన్ సెంటర్‌కు పోతుంది, అక్కడి పిల్లగాడు వివరాలు కొడతాడు, స్క్రీన్ మీద ఏదో వస్తుంది, అది ప్రింట్ తీసి ఇస్తాడు. చీటీ మీద ఇంగ్లీషులో ఒకే వాక్యం ఉంది. మీ అభ్యర్థనను ఇప్పుడు పూర్తి చేయలేకపోయాం, దయచేసి తర్వాత మళ్లీ ప్రయత్నించండి అని దాని అర్థం. ఆ పిల్లగాడు ఆమెకు సరిగ్గానే చెప్పిండు: "మళ్ల రమ్మంటుంది అమ్మా." ఆమె మళ్లీ పోయింది. పోయిన ప్రతిసారీ బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోయినట్టే.

ఆ వాక్యం చూడగానే నా మొహం మాడిపోయింది. ఎందుకంటే అది రాసింది నేనే.

అవును, మేం చేసిన ఏపీఐనే అది. పేరు చెప్పను కానీ, మా కంపెనీ అలాంటి దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ తయారుచేసి వేరే సంస్థలకు ఇచ్చేది. ఏపీఐ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. ఆఫీసులో అర్జీలు తీసుకునే కిటికీ ఉంటది చూడండి, అట్లాంటిదే. కాగితం లోపలికి పోతుంది, జవాబు బయటికొస్తుంది, లోపల ఎవరేం చేశారో మనకు కనపడదు. ఆ కిటికీలోంచి "కాదు" అని వచ్చినప్పుడు దానితో పాటు వచ్చే మాటనే ఎర్రర్ మెసేజ్ అంటాం.

మా అత్త అడిగిన ప్రశ్న ఇది: "తర్వాత అంటే ఎప్పుడు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత లాగ్స్ తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆధార్‌లో ఆమె పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉంది. ఆమె ఆరుసార్లు కాదు, అరవైసార్లు పోయినా పని కాదు. లోపల మా ప్రోగ్రామ్‌కు కారణం తెలుసు. బయటికి మాత్రం "తర్వాత రండి" అని పంపింది.

అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. మన నేల మీద ఆఫీసు మనిషికి "కాదు" అని ఏ భాషలో చెప్పింది? అది అర్థం కానప్పుడు మనవాళ్లు ఏం చేశారు? వెతుక్కుంటూ పోతే వందేళ్ల వెనక్కి, మళ్లీ మా దేవరకొండకే వచ్చిన. ఈ రోజు ఆ కథ చెప్తా, చివర్లో మా కోడ్‌లో ఏం మార్చామో కూడా చెప్తా.

నిజాం రాజ్యంలో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఉన్నప్పుడు ఆఫీసు భాష ముందు పారసీ. 1880ల్లో దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. కోర్టు, రెవెన్యూ, పోలీసు, అన్నీ ఉర్దూలోనే. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో పెద్ద చదువులు కూడా ఉర్దూలోనే చెప్పారు. ఒక భారతీయ భాషలో యూనివర్సిటీ చదువు చెప్పడం ఆ రోజుల్లో చాలా పెద్ద ప్రయోగం, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. మరాఠీ, కన్నడ వాళ్లు వేరే ఉన్నారు. ఆఫీసు కిటికీ అవతలి భాష ఒకటి, ఇవతలి భాష ఇంకొకటి.

ఆ రోజుల్లో మన నోట్లోకి వచ్చిన మాటలు ఇప్పటికీ పోలేదు. దరఖాస్తు, అర్జీ, మంజూరు, నామంజూరు, పహాణీ, పట్టా, విరాసత్, బాకీ, జప్తు. ఇవేవీ మనకు పరాయి మాటల్లా అనిపించవు. చదువు రాని రైతుకు కూడా "నామంజూరు" అంటే తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

అట్లాంటి మాటల్లో ఒకటి నన్ను ఆపేసింది. "గస్తీ నిషాన్ తిర్పన్." గస్తీ అంటే సర్క్యులర్. తిర్పన్ అంటే ఉర్దూలో 53. బహిరంగ సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలనే ఉత్తర్వు అది. తెలంగాణ ఉద్యమ చరిత్ర రాసిన ప్రతి పుస్తకంలో దీని పేరు వస్తది, ఆ పేరుతోనే వస్తది. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు వెంటనే తట్టింది ఏందంటే, ఇది అచ్చంగా ఎర్రర్ కోడ్. ఇవాళ ప్రోగ్రామర్ కానివాళ్లకు కూడా "404" తెలిసినట్టు, అప్పటి తెలుగువాళ్లకు "తిర్పన్" తెలుసు. నంబర్ నోటికి వచ్చేస్తుంది. దాని వెనక ఏముంది, దాన్ని ఎట్లా దాటాలి అన్నది మాత్రం ఎవరో ఒకరు మన భాషలో విప్పి చెప్పాలి.

విప్పి చెప్పినవాళ్లు ఎవరు? అది 1921 నుంచి మొదలు.

ఆ ఏడాది నవంబర్ 12న హైదరాబాద్‌లో వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే, స్త్రీ విద్య కోసం జీవితం పెట్టిన మహారాష్ట్ర పెద్దమనిషి. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్లను జనం విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం భరించలేక బయటికొచ్చినవాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మొదట పదకొండు మంది.

ఈ సంఘటన అందరూ చెప్తరు. కానీ నాకు ఎక్కువ పనికొచ్చింది దాని తర్వాత వాళ్లు చేసిన పని. మాడపాటి హనుమంతరావు గారు, ఆయన తోటివాళ్లు ఊళ్ల సంగతులు విచారించారు. రెండు బాధలు ముందుకొచ్చాయి. ఒకటి వెట్టి. అధికారి ఊరికొస్తే కులాలవారీగా జనం ఉత్తపుణ్యానికి పని చేయాలి, బండ్లు కట్టాలి, సామాను మోయాలి. రెండోది వర్తకుల బాధ. వచ్చిన అధికారులకు సరుకులు వాళ్లు చెప్పిన ధరకే ఇవ్వాలి. లేదంటే వేధింపులు.

మాడపాటివారు చేసింది ఏమిటంటే, సర్కారు సొంత ఉత్తర్వులను బయటికి తీశారు. ఆ కాగితాల్లో ఈ పనులకు హద్దులు ఉన్నాయి. అధికారులు ఊళ్లో చేస్తున్నది సర్కారే ఒప్పుకోనిది. కానీ ఆ కాగితం ఉర్దూలో ఉంది, ఆఫీసులో ఉంది. ఊళ్లో వెట్టి చేసే మనిషికి, దుకాణం పెట్టుకున్న కోమటికి అలాంటి కాగితం ఒకటి ఉందనే తెలియదు. సంఘం వాటిని తెలుగులో చిన్న పుస్తకాలుగా, కరపత్రాలుగా అచ్చువేసి పంచింది. వెట్టి గురించి ఒకటి, వర్తక స్వాతంత్ర్యం గురించి ఒకటి.

ఒక్కసారి ఆలోచించండి. వాళ్లు కొత్త చట్టం తేలేదు. ఉన్న చట్టాన్ని, బాధపడే మనిషి భాషలోకి తెచ్చారు, గంతే. నేను దీన్ని డాక్యుమెంటేషన్ అంటా. సిస్టమ్ లోపల ఉన్న కారణాన్ని, కిటికీ ఇవతలి మనిషి చేతికి ఇవ్వడం.

అదే రోజుల్లో, 1922లో, మన నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు "నీలగిరి" పత్రిక మొదలుపెట్టారు. 1926లో హైదరాబాద్ నుంచి "గోలకొండ పత్రిక" వచ్చింది. దాన్ని నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు మన పాలమూరు మనిషి, అలంపురం ప్రాంతం. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షుడు. రెండో మహాసభ 1931లో ఎక్కడ జరిగిందో తెలుసా? దేవరకొండలో. మా అత్త ఆరుసార్లు బస్సు దిగిన ఊళ్లోనే.

ఆ దేవరకొండ సభకు అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు గారు. కల్వకుర్తి దగ్గరి పడకల్లులో పుట్టిన పాలమూరు మనిషి, తర్వాత హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఈయన పారసీ, ఉర్దూ బాగా చదువుకున్న పండితుడు, ఉమర్ ఖయ్యామ్‌ను తెలుగు చేసినవాడు. కాబట్టి తెలుగు కావాలని అడిగినవాళ్లు ఉర్దూ మీద కోపంతో అడిగారనుకుంటే పొరపాటు. పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పండి, జనానికి అర్థమయ్యే భాషలో పాలించండి అన్నారు. ఉర్దూ కూడా మన ఊళ్లల్లో ఎంతోమందికి ఇంటి భాషే. సమస్య భాషతో కాదు. కిటికీకి ఒకటే భాష ఉండటంతో.

ఆ తర్వాతి కథ మీకు తెలుసు, తొందరగా దాటేస్తా. 1948లో నిజాం రాజ్యం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం పెట్టారు, మొదటి అధ్యక్షుడు వావిలాల గోపాలకృష్ణయ్య గారు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. చట్టం ప్రకారం కిటికీకి ఇప్పుడు రెండు భాషలు. కానీ ఈలోగా ఆ కిటికీ స్థానంలో కంప్యూటర్ వచ్చి కూర్చుంది. దాని భాష ఇంగ్లీషు.

ఇప్పుడు ఆ కంప్యూటర్ వైపు కథ చూద్దాం. ఇక్కడ కూడా మనకు సంబంధం ఉన్న మనిషి ఒకాయన ఉన్నాడు.

1970ల మొదట్లో ఇంటర్నెట్‌కు ముందు రూపం ఆర్పానెట్. అందులో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఫైళ్లు పంపే పద్ధతిని, ఎఫ్‌టీపీని, రాసినవాడు అభయ్ భూషణ్. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి, ఎంఐటీకి పోయినవాడు. 1972 జూలైలో ఆయన పేరుతో వచ్చిన పత్రంలో ఒక నియమం ఉంది. సర్వర్ ఇచ్చే ప్రతి జవాబు ముందు మూడంకెల నంబర్, ఆ తర్వాత ఒక వాక్యం. నంబర్ ప్రోగ్రామ్ కోసం, వాక్యం మనిషి కోసం.

నాకు ఇది చాలా గొప్ప ఆలోచన అనిపిస్తది. నంబర్ మారకూడదు, ఎందుకంటే యంత్రం దాన్ని చూసి తర్వాతి అడుగు వేస్తుంది. వాక్యం మారొచ్చు, ఎందుకంటే మనుషులు వేరువేరు. తర్వాత ఈమెయిల్ ఆ పద్ధతే తీసుకుంది, వెబ్ కూడా తీసుకుంది. 404 అక్కడినుంచి వచ్చిన వారసత్వమే. మా అత్త చీటీ వెనక ఉన్న నంబర్ 422. అంటే "నువ్వు పంపింది చదవగలిగిన, కానీ లోపలి విషయం పొసగడం లేదు" అని.

అంటే అనువాదానికి చోటు మొదటి రోజే ఉంది. 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 పత్రంలో యాక్సెప్ట్-లాంగ్వేజ్ అని ఒక హెడర్ ఉంది. ఫోన్ లేదా బ్రౌజర్ అడిగేటప్పుడే చెప్పొచ్చు, ముందు తెలుగు ఇవ్వు, అది లేకపోతే ఉర్దూ ఇవ్వు, అదీ లేకపోతే ఇంగ్లీషు ఇవ్వు అని. వరుస కూడా చెప్పొచ్చు. 2016లో ఏపీఐ ఎర్రర్లు ఏ ఆకారంలో పంపాలో ఇంకో ప్రమాణం వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 7807. 2023లో దాన్ని సవరించి 9457 చేశారు. అందులో సమస్య రకానికి మారని గుర్తు ఒకటి, దానికి శీర్షిక ఒకటి, ఈ ఒక్కసారి ఏం జరిగిందో వివరం ఒకటి వేరువేరుగా ఉంటాయి. శీర్షికను చదివేవాళ్ల భాషలోకి మార్చుకోవచ్చని అందులోనే రాసి ఉంది.

అంటే సాధనాలన్నీ ఉన్నాయి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే చోటు ఉంది. లేనిది ఏంటంటే, మాలాంటి వాళ్లకు ఆ ఆలోచన.

మన దేశంలోనే చూడండి. ఆధార్ ధ్రువీకరణ ఏపీఐ పత్రంలో ప్రతి తిరస్కారానికీ ఒక కోడ్ ఉంది. 300 అంటే బయోమెట్రిక్ వివరాలు కలవలేదు. 998 అంటే ఆధార్ నంబర్ తప్పు, లేదా ఆ నంబర్ వివరాలు అందుబాటులో లేవు. భాషలకు కూడా నంబర్లున్నాయి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ వరుస ప్రకారం తెలుగు 21, ఉర్దూ 22. పక్కపక్కనే. దేవరకొండలో ఉన్నట్టే.

యూపీఐలో జడ్9 అంటే ఖాతాలో డబ్బులు చాలలేదు. జడ్‌ఎం అంటే పిన్ తప్పు. ఈ రెండూ కలిపేసి "లావాదేవీ విఫలమైంది" అంటే ఏమైతది? ముంబైలో పని చేస్తున్న పాలమూరు మేస్త్రీ ఇంటికి పైసలు పంపుతున్నడు అనుకోండి. డబ్బులు లేవంటే జీతం దాకా ఆగుతడు. పిన్ తప్పంటే మళ్లీ కొడతడు. ఏదీ చెప్పకపోతే, పిన్ తప్పు కొట్టీ కొట్టీ లాక్ చేసుకుంటడు. కారణం చెప్పడం మర్యాద కోసం కాదండి. తర్వాతి అడుగు దాని మీదే ఆధారపడి ఉంటది.

సరే, పండగ అయిపోయి ఆఫీసుకు పోయి నేను చేసింది చెప్తా. మొత్తం ఎర్రర్లు లెక్కపెట్టిన. 41 రకాల కారణాలున్నాయి. వాటిలో 27 బయటికి ఆ ఒక్క వాక్యంగానే పోతున్నాయి. ఎందుకట్ల రాసిన అంటే, తొందర. కస్టమర్‌కు లోపలి సంగతులు చెప్పొద్దు అని ఒక పాత సలహా కూడా ఉంది. ఆ సలహా పూర్తిగా తప్పేం కాదు. ఫలానా నంబర్‌తో ఖాతా ఉందా లేదా అని దొంగకు చెప్పే మెసేజ్ ఇవ్వొద్దు. కానీ దొంగకు చెప్పొద్దని మా అత్తకు కూడా చెప్పడం మానేసినం.

నేను రెండు వారాల టైమ్ అడిగిన. కష్టం మీద ఇచ్చిన్రు. మొదట ఇంగ్లీషు వాక్యాలన్నీ మెషీన్‌తో అనువాదం చేసిన. ఫోన్‌లో అత్తకు ఒకటి చదివి వినిపించిన: "మీ అభ్యర్థన ప్రక్రియ చేయబడలేదు. చెల్లని ప్రవేశం." అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత అన్నది, "దీనికన్నా ఆ ఇంగ్లీషే నయముంది బిడ్డా. అదైతే తెలవదని తెలుసు."

ఈ మాట నేను ఎప్పటికీ మర్చిపోను.

అప్పుడు అర్థమైంది, అనువాదం చేయాల్సింది ఇంగ్లీషు వాక్యాన్ని కాదు, లోపలి కారణాన్ని. ప్రతి కోడ్ ముందు కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకున్నం. ఏమైంది? ఎవరు సరిచేయాలి? మళ్లీ ప్రయత్నిస్తే లాభం ఉందా? ఈ మూడింటికి జవాబు రాకపోతే ఆ మెసేజ్ పాసు కాదు.

భాష దగ్గర ఇంకో పాఠం. ముందు "తిరస్కరించబడినది" అని పెట్టినం. ఎవరూ నోటితో అనని మాట అది. "నామంజూరు" అని మార్చినం. టీమ్‌లో ఒకరు "అది తెలుగు కాదు కదా" అన్నరు. నేను అన్న, మా ఊళ్లో నూరేళ్లకు పైగా ఆఫీసు "కాదు" అన్న ప్రతిసారీ ఆ మాటే విన్నరు, ఇంకా తెలుగు కాకపోతే ఎప్పుడైతది? ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఓటీపీ, ఇవి కూడా అట్లనే ఉంచినం. జనం వాడే మాటే జనం మాట.

ప్రోగ్రామర్లకు ఇప్పుడు రెండు నిమిషాలు. మిగతావాళ్లు కూడా వినండి, మన భాష గురించే.

ఇంగ్లీషులో పేరును వాక్యంలో ఎక్కడైనా ఇరికించొచ్చు. పేరు స్థానంలో ఖాళీ పెట్టి, ముందు "టు" అని రాస్తే ఎవరికైనా సరిపోతది. తెలుగులో ఖాళీ పక్కన "కు" అని పెట్టినం. రామయ్యకు, సీతకు, బాగానే ఉంది. లక్ష్మి రాగానే "లక్ష్మికు" అని వచ్చింది. చివర ఇకారం ఉంటే "కి" రావాలి కదా. అట్లనే "1 రోజులు". ఏకవచనం, బహువచనం వేరు చేయాలి, "3 రోజుల్లో" అన్నప్పుడు మాట రూపమే మారుతుంది. కాబట్టి ముక్కలు అతికించొద్దు. మొత్తం వాక్యం ఒక్కటిగా అనువాదకుడి చేతికి ఇయ్యాలి. పేరుకు విభక్తి తగలకుండా వాక్యం తిప్పుకోవాలి. "దరఖాస్తుదారు: లక్ష్మి. బ్యాంకు పేరు కలవలేదు" అంటే ఏ పేరుకైనా సరిపోతది.

రెండోది, సర్వర్ నుంచి వాక్యం ఒక్కటే పంపొద్దు. మారని కోడ్, దానికి కావలసిన వివరాలు, ఆ పక్కన వాక్యం, మూడూ పంపాలి. వాక్యంలో మాటలు చూసి నిర్ణయం తీసుకునే ప్రోగ్రామ్ రాస్తే, వాక్యం తెలుగులోకి మారిన రోజు అది పడిపోతది. మాది పడింది కూడా. మా సొంత మొబైల్ యాప్‌లోనే ఒకచోట ఇంగ్లీషు మాట వెతికి పట్టుకునే కోడ్ దొరికింది. లాగ్స్ మాత్రం ఒకే భాషలో ఉంచినం, లేకపోతే రాత్రి రెండింటికి సమస్య వెతికేవాడికి నరకం.

మూడోది కాష్. మధ్యలో జవాబులు దాచిపెట్టే సర్వర్ ఉంటే, ఈ జవాబు భాషను బట్టి మారుతుందని దానికి వేరీ అనే హెడర్‌తో చెప్పాలి. మేం మర్చిపోయినం. ఉర్దూ ఎంచుకున్నవాళ్లకు తెలుగు మెసేజ్ పోయింది. అంటే 1921 సభలో మనకు జరిగిందే మేం ఇంకొకరికి చేసినం. అది సరిచేసినంక గానీ నాకు నిద్ర పట్టలేదు. ఉర్దూ వాక్యాలు ఉర్దూ వచ్చినవాళ్లతోనే రాయించినం, మెషీన్‌తో కాదు.

చివరికి మా అత్త కేసుకు వచ్చే మెసేజ్ ఇది: "ఆధార్‌లో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు కలవలేదు. రెండూ ఒకే తీరుగా ఉండాలి. ముందు బ్యాంకులో పేరు సరిచేయించుకోండి. అంతవరకు మళ్లీ దరఖాస్తు పెట్టినా నామంజూరు అవుతుంది." కింద చిన్నగా కోడ్ నంబర్. ఆ నంబర్ ఉంటేనే బ్యాంకులో ఎవరైనా మాకు ఫోన్ చేసి అడగగలరు.

ఇందులో నాకు ఇష్టమైన మాట చివరి వాక్యం. "మళ్లీ రావొద్దు" అని చెప్పడం. ఒక సిస్టమ్ పేద మనిషికి చేయగలిగిన మేలు కొన్నిసార్లు ఇదే. నీ రోజు కూలి పోగొట్టుకోకు, ఇక్కడ కాదు, అక్కడికి పో అని.

ఇదంతా పెద్ద విజయగాథ అనుకోకండి. మెసేజ్ తెలుగులో వచ్చినంత మాత్రాన బ్యాంకులో పేరు దానంతట అది మారదు. ఆమె దానికోసం మళ్లీ రెండుసార్లు తిరిగింది. ఆంధ్ర జన సంఘం కరపత్రం చదివిన ప్రతి ఊళ్లో వెట్టి తెల్లారేసరికి ఆగిపోలేదు కదా. దానికి తర్వాత చాలా పెద్ద పోరాటాలు కావాల్సి వచ్చాయి, మన నల్లగొండ గడ్డ మీదే. కానీ తన మీద జరుగుతున్నది ఏమిటో తెలియని మనిషి పోరాడలేడు, అడగలేడు కూడా. అందుకే మాడపాటివారు ముందు అచ్చుయంత్రం దగ్గరికి పోయిన్రు.

ఉద్యోగం మానేసి ఈ వీడియోల్లోకి రావడానికి కారణం కూడా దాదాపు ఇదే. కిటికీ అవతల కొన్నేళ్లు కూర్చున్న. ఇవతల నిలబడి విప్పి చెప్పేవాళ్లు కూడా కావాలనిపించింది.

మొన్న అత్తకు ఈ ఎపిసోడ్ గురించి చెప్పిన. వందేళ్ల కిందట దేవరకొండలో ఇట్ల సభ జరిగింది, బూర్గుల రామకృష్ణారావు గారు వచ్చిన్రు అని. అంతా విని అడిగింది: "ఆ రోజు గూడ వాళ్లు ఏమైందో చెప్పమనే అడిగిన్రా?" అవునత్తా అన్న. "మరి నూరేండ్లకు నువ్వు మళ్ల అదే తప్పు ఎట్ల చేస్తివి?"

మీలో ఎవరైనా ఏపీఐ రాస్తుంటే, రేపు ఆఫీసులో మీ కోడ్ తెరిచి "తర్వాత మళ్లీ ప్రయత్నించండి" అనే వాక్యం ఎన్నిచోట్ల ఉందో ఒకసారి వెతకండి. ప్రతిదాని పక్కన మా అత్త ప్రశ్న రాసిపెట్టండి: తర్వాత అంటే ఎప్పుడు?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.